నిత్యజీవితమున క్రీస్తు సాన్నిధ్యము



మా మురమళ్ళలో గౌతమీతీరమున వీరేశ్వరస్వామివారికి నిత్యకల్యాణము జరుగును. దైవము పర్వదినములందు మాత్రమే వచ్చువాడు కాడని దాని తాత్పర్యము. క్రైస్తవులు తమ ప్రభువును నిత్యజీవితమున నెట్లు గుర్తింతురో బడిపంతులనైన నేను 1996వ సంవత్సరమున తెలిసికొంటిని.

ఆ నవంబరు 6వ తేది రాత్రి తుపానునకు కోనసీమలో కొబ్బరితోటలు నేలకూలెను. మా యింటి కప్పు కూడ ఎగిరిపోయెను. మఱునాడు క్రైస్తవపేటలో నొక ముసలమ్మ కుండెడు గంజి కాచి పంచుచుండెను. ఆచారమునకు జంకి వెనుదీసిన నన్ను ఆకలియే ముందునకు నెట్టెను. "అమ్మా, రేపు నీకేమి మిగులును?" అంటిని. "ఆకలిగా వచ్చినోరే మా ప్రభువండి, పంతులుగారూ" అన్నది.

ఆ మాటకు మూలమును తరువాత సువార్తలలో చదివితిని. ఆకలిగొన్నవారికి పెట్టినది తనకు పెట్టినట్లేయని యేసు చెప్పినట్లు మత్తయి 25వ అధ్యాయమున కలదు. లూకా కడపటి అధ్యాయమున, ఎమ్మాయు త్రోవలో తమతో నడచిన యేసును శిష్యులిద్దఱు గుర్తింపలేదు. ప్రొద్దు గ్రుంకుచున్నదని ఆ బాటసారిని తమతో నుండుమని బలవంతపెట్టిరి. ఆయన రొట్టె విఱిచి యిచ్చినంతనే యెఱిగిరి. బోధ విన్నప్పుడు కాదు, బంతిని కూర్చున్నప్పుడు గుర్తించిరి. ఆ పిలుపే లేకున్న ఆయన ముందునకు సాగియుండెడివాడు.

కావున క్రైస్తవునకు ప్రభుదర్శనము గుడిలోనే కాక గుమ్మమునందును కలుగును. ఆనాడు ఆ తల్లి నాలో ఎవరిని చూచెనో నాకు తెలిసినది. ఆమెను నేనంతవఱకు చూడనేలేదని సిగ్గుపడితిని.