వడ్డించేవాడే తింటే?

సంక్రాంతి సెలవులకు మా మనవరాలు చెన్నూరు వచ్చింది. కడపలో ఇంటర్మీడియటు చదువుతున్నది. వచ్చీ రావడంతోనే భోగిమంటకు పిడకలు లెక్కపెట్టడం, అరిసెల కోసం వాళ్ల అవ్వ చుట్టూ తిరగడం ఆ పిల్లకు అలవాటు. ఈమాటు అవేమీ లేవు. పంచలో స్తంభానికి చేరగిలబడి కూర్చుని, చేతిలో బంతి లేకపోయినా ఉన్నట్టే వేళ్లతో నేలను తడుతున్నది.

"ఏం పాపా, ఎవరితోనన్నా జగడమా?" అన్నాను.

"మా సార్‌తో, తాతా. నేను కొట్టేది తగ్గించి అందరికీ అందించల్లంట. నేను కొట్టకపోతే ఎవరు కొడతారు? పోయిన ఆటలో మా జట్టుకు 38 పాయింట్లొస్తే 22 నావే. నువ్వు డ్రిల్లు మాస్టరువి కదా, చెప్పు. తప్పు నాదా, ఆయనదా?"

31 సంవత్సరాలు మెడలో ఈల వేసుకుని తిరిగినవాణ్ణి. జవాబు నాలుక చివర ఉండాలి. లేదు. నేను గుటకలు మింగుతూ ఉంటే వంటింట్లోనుంచి మా ఆవిడ అందుకొన్నది.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ వడ్డించేవాడే విస్తరేసుకుని కూర్చుంటే పంక్తిలో వాళ్ల గతేమి?"

ఆమె జన్మలో బాస్కెట్‌బాలు ఆడలేదు. కాని సంగతి పట్టేసింది. తెలియని పాఠకులకోసం నాలుగు మాటలు చెబుతాను. ఈ ఆటలో జట్టుకు ఐదుగురు. 10 అడుగుల ఎత్తున కట్టిన ఇనుప వలయంలో బంతి వెయ్యాలి. 1891లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊళ్లో నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు చలికాలంలో పిల్లలను ఇంటిలోపల ఆడించడానికి పీచుపండ్ల బుట్టలు బాల్కనీకి కొట్టించి ఈ ఆట కనిపెట్టాడు. ఆ ఐదుగురిలో బంతిని మధ్యగీత దాటించి తెచ్చి, ఎవరెక్కడ నిలబడాలో కనుసైగతో చెప్పి, సందు దొరికినవాడికి అందించేవాణ్ణి పాయింటు గార్డు అంటారు. పొట్టివాడైనా ఫరవాలేదు, బుర్ర ఉండాలి. అంటే పంక్తిలో గరిటె అతనిదే. ఆ గరిటె పట్టినవాడికే అందరికంటె బాగా గురి కుదిరితే ఏంచెయ్యాలి? మా మనవరాలి చిక్కు అదే. బంతి అనేది పుట్టిననాటినుంచీ ఉన్న చిక్కు కూడా అదేననుకుంటాను.

ఆర్చిబాల్డ్ అని ఒకాయన ఉండేవాడు. న్యూయార్కు బీదపేటలో పెరిగినవాడు, ఆరడుగుల ఒక అంగుళం. ఆ ఆటలో అది మరుగుజ్జు కిందనే లెక్క. 1972-73లో కాన్సస్ సిటీ–ఒమాహా కింగ్స్ జట్టుకు పాయింటు గార్డు. ఆ యేడు ఆటకు 34 పాయింట్ల చొప్పున కొట్టాడు, అమెరికా పెద్ద లీగు మొత్తంలో మొదటివాడు. అందించడంలోనూ ఆటకు 11.4 చొప్పున అతడే మొదటివాడు. ఒకే యేడు ఆ రెండింటిలోనూ లీగు అధికారిక లెక్కప్రకారం అగ్రస్థానం దక్కించుకొన్నవాడు అతనికి ముందు లేడు, ఇన్నేళ్లలో తర్వాతా రాలేదు. కొట్టిందీ తనే, పెట్టిందీ తనే! మరి జట్టు ఏమయింది? 36 ఆటలు గెలిచి 46 ఓడింది. కప్పు మాట దేవుడెరుగు, ఆఖరి పోటీలకు అర్హత కూడా రాలేదు.

ఇదే మనిషి 1981లో బోస్టన్ సెల్టిక్స్ జట్టులో ఉన్నాడు. పక్కన లారీ బర్డ్ వంటి ఉద్దండులున్నారు. ఆటకు 13.8 పాయింట్లు, అంటే తన మంచికాలంలో సగంకూడా లేదు. ఆ యేడు కప్పు వచ్చింది.

ఆస్కార్ రాబర్ట్‌సన్ కథ కూడా ఆ బాటలోదే. సిన్సినాటిలో 10 సంవత్సరాలు ఆడాడు. 1961-62లో ఆటకు 30.8 పాయింట్లు. ఆ పదేళ్లలో ఒక్క కప్పు లేదు. 1970లో మిల్వాకీకి మారాడు. అక్కడ ఏడడుగుల పైబడిన యువకుడు, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అని పేరు మార్చుకొన్నవాడు, ఆటకు 31.7 కొడుతుంటే ఈయన 19.4తో సరిపెట్టుకొని బంతులందించాడు. 1971లో ఛాంపియన్లు, ఆఖరి పోటీలో బాల్టిమోరును వరసగా నాలుగాటల్లో చిత్తుచేశారు.

ఇవన్నీ చెప్పి, "చూచావా?" అన్నాను కొంచెం గర్వంగానే. ఆ పిల్ల ఊరుకొనే రకమా? ఫోనులో ఏదో నొక్కి నా ముక్కుముందు పెట్టింది.

"మరి ఈయనేంది, తాతా?"

ఓక్లహోమా సిటీ జట్టు పాయింటు గార్డు షే గిల్జస్ అలెగ్జాండర్. 2024-25లో ఆటకు 32.7 పాయింట్లతో లీగులో మొదటివాడు. జట్టు 68 ఆటలు గెలిచింది. 2025 జూనులో ఇండియానాను నాలుగు మూడు తేడాతో ఓడించి కప్పు తీసికొన్నది. వడ్డించేవాడు కడుపునిండా తిన్నాడు, పంక్తీ లేచింది! నేను కొంచెం తబ్బిబ్బయిన మాట నిజం. 2000లో షకీల్ ఓనీల్ తర్వాత, ఒకే యేడు అందరికంటె ఎక్కువ కొట్టి, కప్పు కూడా ఎత్తినవాడు ఆ పాతికేళ్లలో ఇతడొక్కడే. ఓనీల్ చూస్తే గార్డు కాడు, కొండ. మధ్యలో ఎందరు ప్రయత్నించలేదు? ఐవర్సన్ అనే ఆరడుగుల వీరుడు 2001లో ఆటకు 31 కొట్టి, ఫైనలు మొదటి ఆటలో ఒక్కడే 48 కొట్టి ఆ ఆట గెలిపించాడు. తర్వాతి నాలుగూ ఓడారు. 2016లో స్టెఫెన్ కరీ 30.1తో మొదటివాడు, అతని జట్టు 82లో 73 గెలిచి రికార్డు సృష్టించింది, ఫైనలులో మూడొకటి ముందుండి కూడా ఓడింది.

అయినా ఒక్కడు చేశాడంటే చెయ్యవచ్చునన్నట్టే గదా? ఒప్పుకున్నాను. కాని ఆ ఫైనలులో ఐదో ఆట లెక్క తీసి చూపమన్నాను. అందులో జట్టులో అందరికంటె ఎక్కువ, 40 పాయింట్లు, కొట్టినవాడు జేలెన్ విలియమ్స్. పెద్దాయన కాదు. మా మనవరాలు ఆ అంకెను కాసేపు చూచి ఫోను మూసేసింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనేవారుంటారు. మన ఇంటి సంగతే చూడండి. చెడుగుడు మనది. దానికిప్పుడు కబడ్డీ అని పేరు పెట్టి 2014నుంచి దేశమంతా పట్టణాల పేరున జట్లు కట్టి ఆడిస్తున్నారు. మన జట్టు తెలుగు టైటన్స్. అందులో రాహుల్ చౌదరి అని ఉత్తరప్రదేశ్ కుర్రవాడు కూతకు వెళ్లేవాడు. మా వీధిలో సాయంత్రం టీవీ ముందు అతని పేరు వినపడని ఇల్లు లేదు. కూతకు వెళ్లి 500 పాయింట్లు తెచ్చినవారిలో అతడే మొదటివాడు. 2015లో సెమీఫైనలు దాకా తెచ్చాడు, బెంగళూరు చేతిలో 39-38, ఒక్క పాయింటుతో ఓటమి. 2016లో దేశంలో అందరికంటె ఎక్కువ కూత పాయింట్లు అతనివే. మళ్లీ సెమీఫైనలు, జైపూరు చేతిలో 34-24. అతడు బయట కూర్చున్న నిమిషాల్లో మన జట్టును చూడలేకపోయేవాళ్లం. అందరూ అతడు మళ్లీ లోపలికి ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూడడమే.

తర్వాత అతడు వేరే జట్లకు వెళ్లాడు. 2022లో జైపూరు కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అప్పుడక్కడ కూత భారమంతా మోసినవాడు అర్జున్ దేశ్వాల్. ఈయనది చిన్న పాత్ర. ఆర్చిబాల్డ్ గుర్తుకు వచ్చాడు నాకు. మనవాళ్లు మాత్రం పాఠం నేర్చుకోలేదు. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పోసి తెచ్చారు. బెంగళూరుకు ఆడినప్పుడు ఫైనలులో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి కప్పు ఇప్పించిన మొనగాడే! ఇక్కడ ఏమయింది? 22 ఆటల్లో గెలిచినవి 2. మనిషి అతడే. మారినవాళ్లు మిగిలిన ఆరుగురు.

ఇక నా సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండురోజులు ఆలోచించాను.

1988లో నేను పనిచేసే బడిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. తండ్రికి ఆకుతోటలో కూలి. మా చెన్నూరు తమలపాకు పేరు మీలో కొందరు విని ఉంటారు. వాడు తెల్లవారుజామున ఆకు కట్టలు కట్టి, పెన్నలో మునిగి, తడితలతో గ్రౌండుకు వచ్చేవాడు. బంతి వాడి చేతిలో ఆకంత తేలికగా తిరిగేది. మధ్యగీత నుంచి తెచ్చేదీ వాడే, వేసేదీ వాడే. నాకు పని తప్పింది. మిగిలిన నలుగురికి నేను నేర్పింది ఒకే మాట: "బంతి దొరికితే వానికియ్యండి."

జిల్లా పోటీలలో ఫైనలు దాకా ఆ ఒక్క మాటమీదనే వెళ్లాము. ఫైనలులో అవతలి మాస్టరు తెలివైనవాడు. వాడిమీద ఇద్దరిని పెట్టాడు, ఆఖరికి ముగ్గురిని పెట్టాడు. ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నాము, కొద్ది సెకన్లు మిగిలాయి. ముగ్గురు వాణ్ణి చుట్టేశారు. వాడు ఆ చేతుల సందునుంచి, వలయం కిందనే ఒంటరిగా నిలబడ్డ మా పొడుగువాడికి బంతి అందించాడు. చెయ్యెత్తితే చాలు, పడిపోతుంది. ఆ పొడుగువాడు బంతి పట్టుకున్నాడు, ఒకసారి నావైపు చూశాడు, తిరిగి వాడికే విసిరాడు. ఈల మోగింది.

నేనేం చేశానో తెలుసా? అందరిముందూ ఆ ఆకుతోట పిల్లవాణ్ణి పట్టుకుని, "ఆఖరి బంతి నువ్వెందుకు కొట్టలేదురా?" అని తిట్టాను. వాడు ఒక్క మాట అనలేదు. మరునాటినుంచి గ్రౌండుకు రాలేదు. నేనూ ఇంటికి వెళ్లి పిలవలేదు. మాస్టరుననే బిగువు ఒకటి ఉంటుంది గదా.

వాడు ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఇప్పుడు యాభై దాటాయి, ఆకు వ్యాపారం చేస్తాడు. ఎదురుపడితే "నమస్కారం సార్" అంటాడు. ఇన్నేళ్లలో ఆ ఆట మాట మామధ్య రాలేదు. కనుమనాడు సాయంత్రం మా మనవరాలిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. కుర్చీ వేశాడు, ఆకులు పెట్టాడు. నేను తటపటాయిస్తుంటే పిల్లే అడిగేసింది. వాడు నవ్వాడు.

"సార్ నాకు గురి నేర్పినాడు పాపా. వానికి బంతి నాకిచ్చేది నేర్పినాడు. ఆపొద్దు సార్ చెప్పినట్ల చేసింది వాడు. చెప్పింది కాకుండా చేసింది నేను. అందుకే తిట్లు నాకు పడినాయి."

నవ్వుతూనే అన్నాడు. నేను చేతిలోని తమలపాకు ఈనె తీస్తూ కూర్చున్నాను. "తప్పు నాదిరా" అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. "వదిలెయ్యండి సార్, ఎప్పటి మాట!" అన్నాడు గాని, ఆ మాట విన్నప్పుడు వాడి మొహం నేను చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు మా మనవరాలు దోవంతా మాట్లాడలేదు. ఇల్లు చేరేముందు, "మా జట్టులో ఒకమ్మాయి ఉంది తాతా. పొడుగు. బంతి వస్తే కండ్లు మూసుకుంటుంది. ఆమెకెట్ల ఇయ్యల్ల?" అన్నది.

"మీ సార్ ఆమెకు నేర్పుతాండాడా?"

"నువ్వు అందించు, అదే వస్తుంది అంటాడు."

ఈ మాటకు నాకు ఆ మాస్టరుమీద కోపం వచ్చింది. వెంటనే నామీద వచ్చింది. కొట్టేవాణ్ణి తగ్గమనడం ఎంత సులువు! ఒక్క వాక్యం. పట్టేవాణ్ణి తయారుచెయ్యడానికి ఒక వేసవి మొత్తం పోతుంది.

పోయిన ఆదివారం ఫోను చేసింది. ఆట 3 పాయింట్లతో ఓడిపోయారట. తను 14 కొట్టింది, ఆ పొడుగమ్మాయి 10 కొట్టింది. "ఇంకా రెండు సులువైనవి వదిలేసింది తాతా! అవి పడింటే గెలిచేవాళ్లం!" అని అరుపులు. నేను కొట్టి ఉంటే గెలిచేవాళ్లం అనలేదు. అది గమనించి ఊరుకొన్నాను.

వచ్చే సెలవులకు ఆ అమ్మాయిని కూడా చెన్నూరు తీసుకొని వస్తుందట. ఆకు వ్యాపారికి కబురు పంపాను. మోకాళ్లు నొప్పులంటూనే సరేనన్నాడు. గ్రౌండులో వలయం ఉంది గాని దానికి వల ఎప్పుడో చినిగిపోయింది. కడపకు ఎవరైనా వెళితే కొత్తది తెప్పించాలి.