పచ్చి రొయ్యకు బదులు ఎండు రొయ్య: తేమను బట్టే లాభనష్టాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మార్కెట్లకు సముద్రపు పచ్చి రొయ్య దూరపు సరుకే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో రాక మరింత పలచబడుతుంది. కోస్తా చెరువుల వనామీ రొయ్యలో అధిక భాగం ఎగుమతికి పోతుంది. వేసవిలో ఇక్కడి చెరువుల్లో నీరు తగ్గితే మంచినీటి రొయ్యకూ కరువే.

అప్పుడు పులుసు గిన్నెకు దిక్కు ఎండు రొయ్య. చింతచిగురు వచ్చేదీ వేసవిలోనే కనుక గిరాకీ సహజంగా పుంజుకుంటుంది. పుంటికూర, వంకాయ, సోరకాయలతోనూ ఇది కలుస్తుంది.

ఎంతకు ఎంత బదులు? పచ్చి రొయ్యలో నూటికి సుమారు 78 పాళ్లు నీరే. కిలోలో మిగిలే గట్టి పదార్థం 220 గ్రాములు. 20 శాతం తేమగల ఎండు సరుకులో అంత పదార్థం 275 గ్రాములలో ఉంటుంది. అంటే, పొట్టు తీయని ఒకే రకం సరుకులో, ఎండు రొయ్య ధర పచ్చి రొయ్య ధరకు సుమారు మూడున్నర రెట్ల లోపు ఉన్నంతవరకు కొనేవారికి గిట్టుబాటే. ఆపైకి పోతే గృహిణి చేయి వెనక్కు తీస్తుంది.

వర్తకుడు మోసపోయేది తేమ దగ్గరే. 30 శాతం తేమగల క్వింటాలు సరుకును 20 శాతానికి ఎండబెడితే మిగిలేది 87.5 కిలోలు. పన్నెండున్నర కిలోల నీటికి రొయ్య ధర చెల్లించినట్టే. ఎండబెట్టకుండా నిల్వ చేస్తే వానాకాలంలో బూజు పట్టి మొత్తం బస్తాకే ఎసరు వస్తుంది.

కనుక బస్తా పైభాగమే కాక అడుగు సరుకూ తీసి చూడాలి. బాగా ఎండిన రొయ్య వంచితే పుటుక్కున విరుగుతుంది. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. ఇసుక, అదనపు ఉప్పు కూడా తూకం పెంచేవే. గుప్పెడు సరుకును నీటిలో కడిగితే ఇసుక అడుగున తేలిపోతుంది. ఉప్పు నాలుకకే తెలుస్తుంది.

జనగామ, మహబూబాబాద్ రైలు మార్గంపై ఉన్నవి. భూపాలపల్లికి సరుకు లారీలపై చేరాలి. దారిలో వాన తగిలే అవకాశం ఉన్నందున, అక్కడి వర్తకులు దిగుమతి సమయంలో మరోసారి తూచి, విరిచి చూడడం అవసరం. నిషేధానికి ముందే కొని నిల్వ వేసేవారికి లాభం ధర పెరుగుదలలో కంటె ముందుగా ఆ పరీక్షలోనే ఉంది.