దోస్తీ అద్దిన రంగులు

చిత్రకారుడికి రంగులు బజారులో దొరుకుతాయి. ఏం గీయాలన్నది మాత్రం తిరిగిన గల్లీల నుంచి, కలిసిన దోస్తుల నుంచి రావాలి. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎక్కితే ఒకప్పుడు ‘సినిమా ఘర్’ ఉండేది. దానిని ఏర్పాటు చేసిన మక్బూల్ ఫిదా హుస్సేన్ జీవితమే ఇందుకు సాక్ష్యం.

హుస్సేన్ 1915లో పంఢర్‌పూర్‌లో పుట్టారు, ఇందౌర్‌లో పెరిగారు, బొంబాయిలో సినిమా బోర్డులు గీసి పొట్టపోసుకున్నారు. ఆయన బొమ్మల్లోని లాంతరు, లాంతర్ల పనిచేసిన తాత జ్ఞాపకం. ఆ ప్రసిద్ధ గుర్రాల వెనుక చిన్ననాటి ముహర్రం ఊరేగింపుల దుల్‌దుల్ ఉంది. తల్లి పసితనంలోనే కన్నుమూశారు, ముఖం గుర్తులేదు. ఆయన గీసిన మదర్ థెరిసాకు ముఖం లేకపోవడానికి కారణం అదే.

మరి హైదరాబాద్‌తో ఆయన్ను కలిపిందేమిటి? దోస్తీయే. ఇక్కడి బద్రీ విశాల్ పిత్తీ సోషలిస్టు నాయకులు, ‘కల్పన’ హిందీ పత్రిక నడిపినవారు. ధనికుల దివాన్‌ఖానాలకే గీయడం చాలించి రామాయణం గీయమని రామ్ మనోహర్ లోహియా సలహా ఇచ్చారు. పిత్తీ అండగా నిలిచారు. హుస్సేన్ వాల్మీకిని, తులసీదాసును చదివారు, కాశీ పండితులతో చర్చించారు. ఎనిమిదేళ్లలో సుమారు 150 చిత్రాలు గీశారు. 2004లో వచ్చిన ఆయన ‘మీనాక్షి’ సినిమా చెప్పిన మూడు నగరాల్లో మన హైదరాబాద్ ఒకటి.

తర్వాతి కథ చేదు. ఆయన గీసిన కొన్ని దేవతల చిత్రాలు ఎందరినో నొప్పించాయి. కేసులు, బెదిరింపులు వచ్చాయి. 2006లో దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు అశ్లీలత కేసులు కొట్టివేసినా తిరిగి రాలేదు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు. సినిమా ఘర్ కూడా మూతపడింది.

మనుషులే కాదు, చోట్లు కూడా చేజారుతాయి. పంజాగుట్ట పక్కనే ఉన్న ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేయబట్టి ఆ భవనం దక్కింది.

అమీర్‌పేట హాస్టళ్లలో చదువుకుంటున్న మన పిల్లలకు మేము చెప్పేదొక్కటే. పక్క మంచం మీది కుర్రవాడు ఏ ఊరివాడో, వాళ్ల ఇంట ఏ పండుగ ఎలా చేస్తారో అడగండి. మన ఈద్‌కు పిలవండి. సెలవు రోజున ఇద్దరూ కలిసి ఇర్రం మంజిల్ దాకా నడిచి రండి. కోచింగ్ కొన్ని నెలల్లో ముగుస్తుంది. దోస్తీ నిలిస్తే జీవితమంతా అక్కరకొస్తుంది.