అరిగిన కామ్‌షాఫ్టు: బాగుచేయింపవలెనా, మార్పవలెనా?

గంజాం జిల్లా దక్షిణపు కొసను, చికిటి ప్రాంతమున, సముద్రపుటొడ్డున రామయ్యపట్నమను తెలుగు పల్లె కలదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు గంజాం జిల్లాలో అధికభాగము మదరాసు రాజధానినుండి విడివడి అందు చేరినది. ఒడియావారు నోలియాలని పిలుచు ఈ తీరపు తెలుగు జాలరుల ఇంటిభాష మాత్రము మారలేదు. కడలి ఒడ్డును కోయుచుండుటచే ఇండ్లు పోగొట్టుకొన్న కుటుంబములును ఇచట నున్నవి.

వల లాగినపిదప చేప ఎండ ముదురకమునుపే సంతకు చేరవలెను. పూర్వము కావడియు తట్టయు చేసిన ఆ పనిలో పెద్దపాలు నేడు మోటారు సైకిలు చేయుచున్నది. ఇచ్ఛాపురమునకో బరంపురమునకో పోవలసిన బండి తెల్లవారుజామున ఎత్తు ఎక్కలేక మూల్గినచో ఆనాటి సరకు ధర సగమగును. అట్టి బండిని విప్పిన మిస్త్రీ పలుమారులు చూపునది అరిగిన కామ్‌షాఫ్టే. దానిని బాగుచేయింపవలెనా, క్రొత్తది కొనవలెనా యను ప్రశ్న చిన్నదిగ దోచును గాని, తప్పుగ తేల్చినచో నెల తిరుగకుండ రెండవమారు ఖర్చు తెచ్చిపెట్టును.

కామ్ అనగా గుడ్డువంటి ఆకారముగల ఇనుపముక్క. అది తిరుగునపుడు దాని ముక్కు ఎదుటి భాగమును పైకి నెట్టును. ముక్కు దాటగనే స్ప్రింగు దానిని వెనుకకు దించును. ఈ యుక్తి క్రొత్తది కాదు. చీనాలో హాన్ రాజుల కాలముననే నీటిచక్రపు ఇరుసున గూటములు నాటి రోకళ్లను ఎత్తించిరి. 1206లో అల్ జజరీ తన యంత్రగ్రంథమున కామ్‌లుగల ఇరుసును వర్ణించెను. మోటారు సైకిలులో ఆ రోకలికి బదులు వాల్వు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండుమార్లు తిరుగగా కామ్‌షాఫ్టు ఒకమారు తిరిగి, పెట్రోలుగాలిని లోనికి విడుచు వాల్వును, పొగను వెలికి విడుచు వాల్వును వేళకు తెరచి మూయును. జావా, రాజ్‌దూత్ వంటి పాత రెండు స్ట్రోకుల బండ్లకు ఈ బాధయే లేదు. వానికి కామ్‌షాఫ్టే లేదు.

1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపింపబడి, తిరువొత్తియూరున తయారైన బుల్లెట్టులో కామ్‌లు ఇంజను క్రిందిభాగమున నుండి, పొడుగు కడ్డీలద్వారా వాల్వులను కదల్చును. 1985లో వచ్చిన హీరోహోండా సీడీ 100, దాని వెనుక 1994లో వచ్చిన స్ప్లెండర్ మొదలగు బండ్లలో కామ్‌షాఫ్టు తలపైననే యుండి గొలుసుతో తిరుగును. ఈ రెండవ తరగతియందు నూనె అడుగునుండి తలవరకు ఎక్కవలెను. కావున నూనె తక్కువయైనను, సన్నని దారి మడ్డితో పూడినను మొదట ఎండునది కామ్ ముక్కే.

అరుగుదలను చేతిగోటితో తడవి తీర్పు చెప్పుట మన మిస్త్రీలలో వాడుక. గోరు గుంటలను పట్టును గాని ఎత్తు తగ్గుటను పట్టదు. మైక్రోమీటరు తప్పదు. ముక్కునుండి దాని వెనుక వీపువరకు ఒక కొలత, అడ్డముగ గుండ్రని భాగమున ఇంకొక కొలత తీయవలెను. మొదటిదాని నుండి రెండవదానిని తీసివేయగా వచ్చునదే వాల్వును లేపు ఎత్తు. ఊహకొక లెక్క: క్రొత్తదానికి మొదటి కొలత 32 మిల్లీమీటర్లు, రెండవది 26 అనుకొందము. ఎత్తు 6. అరిగినపిదప మొదటి కొలత 31.6 అయినచో ఎత్తు 5.6 మాత్రమే. పోయినది నాలుగు దశాంశములే గదా యనిపించును. కాని అది మొత్తము ఎత్తులో పదునైదవ వంతు. వాల్వు తక్కువగ తెరచుకొనును, ఆలస్యముగ తెరచి ముందుగ మూయును. తయారీదారుని పుస్తకమున ప్రతి బండికి కనీసపు కొలత ఈయబడియుండును, ప్రమాణము అదియే.

ఇక బాగుచేయు పద్ధతులలో మొదటిది తిరుగ సానపట్టుట. పై లెక్కలోని కామ్‌నే తీసికొందము. దాని గుండ్రని భాగపు వ్యాసార్ధము 13. ముక్కు మొదట కేంద్రమునుండి 19 దూరమున నుండి 18.6కు అరిగినది. మచ్చలు పోవుటకు ముక్కును 18.5కు సానపట్టినచో, మరల 6 మిల్లీమీటర్ల ఎత్తు రావలెనన్న గుండ్రని భాగమును 12.5కు దింపవలెను. అనగా కామ్ అంతటను అర మిల్లీమీటరు లోనికి పోవును. అందువలన పెరిగిన సందును ట్యాపెట్ స్క్రూ పూడ్చగలదా యనునది చూడవలసిన యంశము. స్క్రూ చివరిమర వరకు దిగినచో రాకర్ వంపు మారి, వాల్వు కాడను ప్రక్కకు త్రోయుచు క్రొత్త అరుగుదలకు దారితీయును.

అంతకంటె గట్టి చిక్కు లోహముననున్నది. ఉక్కు కామ్‌షాఫ్టులకు పైపొర మాత్రమే గట్టిపరచియుందురు. ఆ పొర మందము సాధారణముగ అర మిల్లీమీటరునుండి ఒక మిల్లీమీటరువరకు. 0.4 అరిగి, ఇంకొక 0.1 సానకు పోయినచో పొర పలుచనిదైన కామ్‌కు ముక్కున మెత్తని లోహమే బయటపడును. మరల గట్టిపరుపనిదే అట్టి షాఫ్టును బిగించుట బూడిదలో పోసిన పన్నీరే. పోత ఇనుమును అచ్చులోనే చల్లార్చి గట్టిపరచిన కామ్‌లలో గట్టిదనము కొన్ని మిల్లీమీటర్ల లోతు పోవును. అవి సానకు తట్టుకొనును. కావున షాఫ్టు దేనితో చేయబడినదో ఎరుగకుండ సానరాతికి పెట్టరాదు.

రెండవ పద్ధతి గట్టి లోహమును వెల్డింగుచేసి పోసి, మాతృకామ్ ఆకారమునకు సానపట్టుట. ఇందు వేడికి షాఫ్టు వంగవచ్చును, పోత ఇనుము పగులవచ్చును. డయల్ గేజితో వంకర చూచి సరిచేయుట తెలిసినవానిచేతనే ఇది జరుగవలెను. అసలు ఆకారము లేక కంటి అంచనాతో లేతుపై రుద్దిన కామ్ చూపునకు నున్నగ నుండును. ఇంజను మాత్రము గిలకవలె మ్రోగును. వీధిచివర వెల్డింగు దుకాణమున ఈ పని చేయించుట కంటె అరిగినదానినే కొన్నాళ్లు నడుపుట మేలు.

కాబట్టి చేపలు మోయు నూరు సీసీల బండికి క్రొత్త షాఫ్టే తగినది. విడిభాగము సులువుగ దొరకును; మంచి సానపనికి దూరపు నగరమునకు పంపవలసిన ఖర్చు, బండి నిలిచిన దినముల నష్టము కలిపిన బాగుసేత లాభింపదు. పాత ఇనుప ఇంజను బుల్లెట్టునకు భాగములు దొరకును గాని గుణమున హెచ్చుతగ్గులు గలవు, కొలిచి కొనవలెను. తాతలనాటి ఆంగ్లదేశపు బండి యైనచో, భాగము దొరకనపుడు, పోత ఇనుపదైన షాఫ్టునకు సానపనియు, ఉక్కుదైనచో మరల గట్టిపరచుటయు సార్థకములు. అట్టి బండి యజమానికి వేచియుండు తీరికయు నుండును.

జాలరికి తీరిక ఒక్కటే కాలమున నుండును. ఏటా ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము. ఆ దినములలో చేతిలో డబ్బు తక్కువ, బండికి విశ్రాంతి ఎక్కువ. మైక్రోమీటరు కొలతలు తీయించుటకు అదియే సమయము. డబ్బు చాలనిచో కొలత హద్దునకు దిగని షాఫ్టును మార్పక, నూనె మాత్రము మార్చి, మరుసటి ఏడాదికి వాయిదా వేయుట దోషము కాదు. ఉప్పుగాలికి నెలలతరబడి నిలిపిన బండిలో కామ్ ముక్కున తుప్పు మచ్చ పడగలదు గనుక, పాత నల్లనూనెతో నిలుపక క్రొత్తనూనె పోసి నిలుపుట మంచిది.

మార్చునపుడు షాఫ్టొక్కటే మార్చుట పలువురు చేయు పొరపాటు. పాత రాకర్ పాదమున అరిగిన గాడి క్రొత్త కామ్‌ను వెంటనే గీరును. రెండును కలిపి మార్వవలెను. నూనెదారిని గాలితో ఊది, అడుగు జల్లెడను కడిగి, తలకు నూనె ఎక్కుచున్నదని కన్నులార చూచినపిదపనే మూత బిగింపవలెను. కామ్ ముక్కుకు కూర్పుపూత పూసి, తడిక్లచ్చికి తగిన మోటారు సైకిలు నూనెనే పోయవలెను. మొదటి ఐదువందల కిలోమీటర్లు బరువు తగ్గించి నడిపి, ఆ నూనె తీసివేసి, ఇంజను చల్లగ నున్నపుడు ట్యాపెట్ సందును మరల కొలువవలెను.