కొత్త కొయ్యకు పాత కళ

రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ శివార్లలో ఓ విచిత్రమైన వడ్రంగం సాగుతోంది. నున్నగా చిత్రిక పట్టిన బల్లను పనివారు ఇనుప గొలుసుతో కొడతారు. అంచులను ఆకురాయితో అరగదీస్తారు. వేసిన రంగు ఆరాక అక్కడక్కడా గీకి పారేస్తారు. ఇదంతా వస్తువును పాడుచేయడం కాదు, దాని ధర పెంచడం. అమెరికాలోనో ఐరోపాలోనో ఓ ఇంటి పెరటికి చేరే ఆ బల్ల నాలుగు తరాలుగా అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసినట్లు కనిపించాలన్నది కొనుగోలుదారు కోరిక. తాతల నాటి భోషాణాలను, మండువా లోగిళ్ల దూలాలను కారుచౌకగా వదిలించుకున్న మనవారికి ఇది వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

పాత హవేలీల తలుపులు, కిటికీలు, పెట్టెలను బాగుచేసి విదేశీయులకు అమ్మడంతో మొదలైన వ్యాపారమిది. అసలైన పాత వస్తువులు తరగని గని కావు గనుక, పాత కొయ్యతో కొత్తవి చేయడం, ఆపై కొత్త కొయ్యకే పాతదనం తెప్పించడం అలవాటయ్యాయి. కూల్చిన ఇళ్ల దూలాలు, పాత తలుపు రెక్కలు ఇందుకు ముడిసరకు. 1983 నుంచి ఓడలను విడగొడుతున్న గుజరాత్‌లోని అలంగ్ తీరం కూడా పాత కొయ్యకు పేరుపడిన చోటే.

ఏళ్ల పని ఒక్క రోజులో

ఆరుబయట ఉన్న కొయ్య బూడిదవన్నెకు తిరగడానికి కారణం ఎండ. కొయ్య పోగులను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని అతినీలలోహిత కిరణాలు పైపొరలో విచ్ఛిన్నం చేస్తాయి. వాన దానిని కడిగేస్తుంది. మిగిలిన పోగులు వెండిలా కనిపిస్తాయి. ప్రకృతి నెలల తరబడి చేసే ఈ పనిని కార్ఖానాలో ఒకటి రెండు రోజుల్లో ముగిస్తారు. ముందు తీగ బ్రష్షుతో ఈనె వెంబడి రుద్దుతారు. మెత్తని భాగం రాలిపోయి గట్టి చారలు పైకి తేలుతాయి. సన్నని ఇనుప పీచును కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెట్టి, ఆ నీటిని కొయ్యకు పూస్తే అందులోని ఇనుము కొయ్యలోని టానిన్‌తో కలిసి బూడిద, నలుపు ఛాయలు తెస్తుంది. తుమ్మలో టానిన్ సమృద్ధి గనుక రంగు వెంటనే తిరుగుతుంది. టానిన్ తక్కువున్న కొయ్యకైతే ముందుగా చిక్కటి టీ కషాయం పూయాల్సి ఉంటుంది! చివరగా పలుచని సున్నపు పూత వేసి తుడిచేస్తే గాళ్లలో తెల్లదనం నిలుస్తుంది.

చూడముచ్చటగా ఉండడం వేరు, వానకు నిలవడం వేరు. ఇంటి లోపలి బల్లకు మైనం పూత సరిపోవచ్చు గాని ఆరుబయట అది చాలదు. పొరలా నిలిచే వార్నిష్ ఎండకు పగిలి, సందుల్లోంచి నీరు దిగి, పెచ్చులుగా లేస్తుంది. అందుకే బయటి సామానుకు కొయ్యలోకి ఇంకే నూనెలు వాడి, ఎప్పటికప్పుడు మళ్లీ పూయడం మేలు. నీరు ఎక్కువగా పీల్చేది కాళ్ల అడుగుభాగం. దానిని మూసి, కాళ్లను తడినేలకు తగలకుండా ఉంచకపోతే పైన ఎంత పూసినా వ్యర్థమే. సహజమైన నూనె గల టేకు ఈ పరీక్షకు తట్టుకుంటుంది. మామిడి తట్టుకోదు. పురుగు పట్టకుండా మామిడి పలకలకు పట్టించే బోరాక్స్, బోరిక్ ఆమ్లం వానకు కరిగి కారిపోతాయి. మామిడి బల్లను 'తోట సామాను'గా అమ్మేవారి మాట నమ్మదగినది కాదు.

ఇంట్లోని పాత కుర్చీకి ఈ సొబగు తెచ్చుకోదలచినవారు ఒక్క విషయం మరువరాదు. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విడివిడిగా ఆరవేయాలి, లేదా నీటిలో ముంచాలి.

దుమ్ము ఎవరికి?

పాత రంగు చెక్కలతో మరో ముప్పు ఉంది. గృహోపయోగ రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందెన్నడో వేసిన రంగులో సీసం ఎంతున్నదీ చెక్కను చూసి చెప్పడం అసాధ్యం. దానిని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే సీసం దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఉత్త రంపపు పొట్టు సైతం నిరపాయకరం కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య దుమ్మును క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. అమెరికాకు వెళ్లే సామాను పూతలోనూ సీసానికి అదే 90 పాళ్ల పరిమితి ఉంది. ఆ పరీక్ష వాడుకునేవారిని కాపాడుతుంది గాని, రోజంతా బల్లలు రుద్దే కార్మికుడి ఊపిరిని కాదు. తడిపి గీకడం, ముఖానికి సరైన మాస్కు, దుమ్మును లాగే యంత్రం ఖర్చుతో కూడినవే అయినా, ఎగుమతి లాభాల ముందు అవి ఏపాటి?

చెట్ల విషయమూ వివాదరహితం కాదు. 1730లో జమ్మిచెట్లను కాపాడుతూ 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించిన ఖేజడ్లీ గ్రామం జోధ్‌పూర్‌కు సమీపంలోనే ఉంది. ఎగుమతి సామానుకు ప్రధానమైన షీషమ్ సహా డాల్బెర్జియా జాతి వృక్షాలన్నింటినీ అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ 2017 జనవరి 2 నుంచి తన రెండో జాబితా కిందకు తెచ్చింది. మన పొలంగట్లపై, కాలువల వెంట విరివిగా పెరిగే షీషమ్‌ను అంతరించే జాతులతో జతకట్టడం సమంజసం కాదన్నది భారత్ వాదన. ప్రభుత్వ అంచనాల మేరకు అంతకు ముందు ఏడాదికి సుమారు 1000 కోట్ల రూపాయలున్న షీషమ్ సామాను ఎగుమతులు 500-600 కోట్లకు పడిపోయాయి. దాదాపు 50 వేల మంది చేతివృత్తులవారి జీవనోపాధి దెబ్బతిన్నది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతీయ సరకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చడంతో మరో దెబ్బ తగిలింది.

నడుమ 2022 నవంబరులో పనామా సదస్సులో కొంత ఊరట లభించింది. ఒక్కో వస్తువులో కొయ్య పది కిలోలకు లోపుంటే ఎన్ని వస్తువులనైనా ఒకే విడతగా, సైటిస్ అనుమతి లేకుండా పంపవచ్చని స్పష్టత ఇచ్చారు. దీపపు స్తంభాలు, పీటలు, చిన్న పెట్టెలకు దారి సుగమమైంది. ఆరుగురు కూర్చునే షీషమ్ భోజనబల్లకు మాత్రం పత్రాల బెడద తప్పలేదు.