ఇరవైయొకటి ఆటలో ఒక చిన్న భిన్నం

రమ్మీకి రెండు పేక కట్టలు కలపడం తెలుగువారికి క్రొత్త కాదు; ఆడేవారు పెరిగితే కట్టలూ పెరుగుతాయి. లాస్ వేగాస్ విహారానికి వెళ్ళినవారు అక్కడి బ్లాక్‌జాక్ బల్లల వద్ద ఆరు, ఎనిమిది కట్టలను ఒకే పెట్టెలో ఉంచి పంచడం గమనించే ఉంటారు. ఇందుకు కారణం మాత్రం ఆటగాళ్ళ సంఖ్య కాదు, సంభావ్యతా గణితం.

ఇరవైయొకటికి మించకుండా, పంచేవాని కంటె హెచ్చు తెచ్చుకోవడమే ఈ ఆట. రాజు, రాణి, జాకీలకు పదేసి. ఆసుకు ఒకటి లేదా పదకొండు. ఆసు, పది విలువ గల ముక్క తొలి రెండింటిలోనే వస్తే అది బ్లాక్‌జాక్. దానికి బహుమానం ఎక్కువ.

అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు యువకులు మామూలు లెక్కల యంత్రాలతో ఈ ఆటకు ఉత్తమ పద్ధతిని గణించి 1956లో ప్రకటించారు. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ ‘బీట్ ది డీలర్’ గ్రంథంలో అంతకు మించిన విషయం చెప్పాడు. పంచిన ముక్కలు మరల కలిపేవరకు తిరిగి రావు గనుక, మిగిలినవాటిలో పదులు, ఆసులు హెచ్చుగా ఉన్న వేళ కనిపెట్టి పందెం పెంచితే ఆధిక్యం ఆటగానిదే అవుతుంది! చెట్టు ఆకులను చూపుతోనే లెక్కించిన ఋతుపర్ణుడు నలునికి ఉపదేశించిన అక్షహృదయం ఇక్కడ స్ఫురించక మానదు. కాసినోలు విరుగుడుగా కట్టలను పెంచాయి. నాలుగు ఆసులలో ఒకటి పోవడం వేరు, ముప్పైరెండింటిలో ఒకటి పోవడం వేరు.

లెక్క పెట్టని సామాన్యునికి సైతం ఈ మార్పు కొంత నష్టమే. ఆటగానికి ఆరు, అయిదు వచ్చి, పంచేవాని ముందు ఆరు కనబడుతున్నదనుకుందాం. పందెం రెట్టింపు చేయదగిన ఘడియ ఇది. ఒకే కట్ట అయితే మిగిలిన 49 ముక్కలలో పది విలువ గలవి 16, అనగా 32.65 శాతం. ఎనిమిది కట్టలైతే 413లో 128, అనగా 30.99 శాతం. ఇటువంటివన్నీ కూడితే, ఇతర నియమాలు మారనప్పుడు, ఒకటి నుండి ఎనిమిది కట్టలకు కాసినోకు చేకూరే అదనపు లాభం సుమారు అర శాతం. అందులో సగానికి పైగా రెండవ కట్ట చేరినప్పుడే వస్తుంది.

మిగిలిన నియమాలూ ఊరు ఊరుకూ మారుతాయి. ఆసును పదకొండుగా లెక్కించగా వచ్చిన పదిహేడుపై పంచేవాడు మరొక ముక్క తీసుకుంటే కాసినోకు మరో 0.2 శాతం లాభం. బ్రిటన్‌లో ఆటగాళ్ళందరూ ముగించేవరకు పంచేవాడు తన రెండవ ముక్క తీయడు. స్పానిష్ 21లో ప్రతి కట్ట నుండి నాలుగు పదులనూ తొలగించి, ఆ లోటుకు అదనపు బహుమతులు కల్పిస్తారు.

అసలు కిటుకు వేరొక చోట ఉంది. బ్లాక్‌జాక్‌కు పది డాలర్ల పందెంపై 3కు 2 చొప్పున 15 డాలర్లు ఇవ్వడం సంప్రదాయం. 6కు 5 చొప్పున ఇచ్చే బల్లపై దక్కేది 12. కాసినోకు ఈ ఒక్క మార్పుతో సుమారు 1.4 శాతం కలిసివస్తుంది. కనుక ‘ఒకే కట్ట’ అని ఊరించే 6–5 బల్ల కంటె ఎనిమిది కట్టల 3–2 బల్లయే నయం. గంటకు పది డాలర్ల చొప్పున 60 ఆటలాడితే, కట్టల పెంపు వల్ల పోయేది సగటున మూడు డాలర్లు. ఈ చిన్న భిన్నం వల్ల పోయేది ఎనిమిది.

ఈ నిష్పత్తి సాధారణంగా బల్లపై పరచిన గుడ్డ మీదనే అచ్చువేసి ఉంటుంది. దాని సమీపంలోనే ‘ఇన్సూరెన్స్’ అనే మరొక పందెం కనబడుతుంది. పంచేవాని ఆసు చూసి కట్టే ఆ పందెంపై కాసినో వాటా ఒకే కట్టకు 5.9 శాతం, ఎనిమిది కట్టలకు 7.5 శాతం.