వేషము – స్వరూపము

మానవుడు సాటి మానవుని మొదట కన్నులతో చూచును; పిదప మాటలవలన తెలిసికొనును; చిట్టచివరకు చేతలవలన గుర్తించును. ఈ మూడు మెట్లలో మొదటి మెట్టుపైననే ఆగిపోవుట లోకమున సర్వసాధారణము. నాటకకర్తలు ఈ బలహీనతను చక్కగా గ్రహించిరి. అందుచేతనే సంస్కృతము, తెలుగు, ఉర్దూ, ఆంగ్లము – ఏ భాషలోని రూపకములను పరికించినను మారువేషము ఒక ముఖ్యసాధనముగా కానవచ్చును. ఈ సాధనము కేవలము వినోదము కొరకేనా, లేక మన నిత్యజీవితమునకు అది చెప్పు మాట ఏదైన కలదా అని విచారించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

భరతుని నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. దుస్తులు, నగలు, రంగులు మొదలైనవి ఆహార్యము. మనస్సులోని భావము కన్నీరుగా, గగుర్పాటుగా, గద్గదస్వరముగా బయటపడుట సాత్త్వికము. ఆహార్యమును అద్దెకు తెచ్చుకొనవచ్చును గాని సాత్త్వికమును ఎవరును అద్దెకీయజాలరు. ఆంధ్ర రంగస్థలమున స్థానం నరసింహారావుగారు (1902–1971), కూచిపూడి సంప్రదాయమున వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషులై యుండియు సత్యభామ పాత్రకు ప్రాణము పోసిరి. ప్రేక్షకులు మెచ్చినది చీరను, జడను కాదు. వాటి వెనుక కదలాడిన అభిమానవతి హృదయమును. ఆహార్యము ఒక్కటియే చాలునన్నచో ఆ చీర కట్టిన ప్రతివాడును సత్యభామ కావలసినదే!

వేషమునకును స్వరూపమునకును గల ఈ దూరమును విరాటపర్వము చూపినంత స్పష్టముగా మరియొక గ్రంథము చూపినదా యనుట సందేహమే. తిక్కన సోమయాజి తన భారతరచనను ఈ పర్వముతోనే ఆరంభించెను. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వంటలవాడైన వలలుడుగా, అర్జునుడు నాట్యము నేర్పు బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటుని కొలువున చేరిరి. నకులుడు గుర్రములను, సహదేవుడు పశువులను కాచిరి. ఏడాది గడువు ముగియు వేళకు కౌరవసేన గోవులను పట్టెను. అంతఃపుర స్త్రీల ముందు బీరములు పలికిన ఉత్తరకుమారుడు శత్రుసేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తెను. అతనిని పట్టి తెచ్చి యుద్ధము గెలిచినది బృహన్నల.

విజయవార్త విని విరాటుడు పుత్రుని పొగడెను. బృహన్నల తోడుండగా గెలుపు నిశ్చయమేయని కంకుభట్టు మరల మరల పలికెను. నపుంసకుని తన కుమారునికంటె మిన్నగా ఎంచుటకు విరాటుడు సహింపలేక పాచికతో కంకుని ముఖముపై కొట్టెను, నెత్తురు కారెను. ఇచట మనము గమనింపవలసిన దొకటి కలదు. విరాటుడు దుర్మార్గుడు కాడు. ఊరు పేరు తెలియని ఆ ఆరుగురికి ఆశ్రయమిచ్చిన దయాళువు. అయినను అతని చూపు వేషము కడనే ఆగిపోయినందున, నిజము పలికినవాని నెత్తురు చిందించెను. వేషమును బట్టి తీర్పు చెప్పువారందరు చెడ్డవారు కానక్కరలేదని, మంచివారి చేతను ఈ అన్యాయము జరుగునని ఈ ఘట్టము తెలుపుచున్నది.

మారువేషమంతయు మోసమేనా? కాదు. రావణుడు యతివేషము దాల్చి సీతను అపహరించెను, అది మోసము. షేక్‌స్పియర్ రచించిన 'కింగ్ లియర్' నాటకమునందు కెంట్ ప్రభువు కథ వేరు. ముసలిరాజునకు నిజము చెప్పినందులకు దేశబహిష్కారమునకు గురియైన కెంట్, సేవకుని వేషములో తిరిగివచ్చి, తనను వెడలగొట్టిన రాజునకే తుదివరకు సేవచేసెను. రాజుగారి పెద్దకుమార్తెలు గోనెరిల్, రీగన్ ఏ మారువేషమును వేయలేదు. వారి తీయని మాటలే వారి మారువేషము. కావున వేషము మారినదా లేదా అనుటకంటె, అది దేని కొరకు మారినది అనుటయే ముఖ్యము. గోముఖవ్యాఘ్రము అని మన పెద్దలు నిందించినది గోముఖమును కాదు, దాని చాటునున్న వ్యాఘ్రమును.

ఉర్దూ రంగస్థలమునకు వన్నె తెచ్చిన ఆగా హష్ర్ కాశ్మీరీ (1879–1935) 'యహూదీ కీ లడ్కీ' నాటకమున ఈ సమస్యను మరింత లోతునకు గొనిపోయెను. దాని ఆధారముగానే 1958లో బిమల్ రాయ్ 'యహూదీ' చలనచిత్రమును తీసెను. రోమన్ యువరాజు యూదుని వేషము వేసికొని యూదుని ఇంటి పిల్లను ప్రేమించును. అతని వేషము త్వరలోనే తొలగును. కాని ఆ పిల్లకే తెలియని మరియొక రహస్యము కలదు. ఆమె యూదుని కన్నబిడ్డ కాదు. యూదులను హింసించు రోమన్ అధికారి బ్రూటస్ కుమార్తె. ఆమెను మృత్యుముఖమున నిలిపిన పిదప గాని ఆమె తన రక్తమేయని బ్రూటస్‌కు తెలియదు. అతడు జాతిని చూచెను గాని మనిషిని చూడలేదు. ఇచట పిల్ల వేసిన వేషమేదియు లేదు; లోకము ఆమెకు తగిలించిన పేరే వేషమైనది.

నాటకశాలలో ప్రేక్షకునకు గొప్ప సౌకర్యము కలదు. బృహన్నల అర్జునుడని అతడు ముందే ఎరుగును గనుక విరాటుని అజ్ఞానమునకు నవ్వుకొనును. తెర దిగి వీథిలోనికి వచ్చిన మరుక్షణమే ఆ సౌకర్యము పోవును. ఎవరు ఎవరో చెప్పు సూత్రధారుడు వీథిలో ఉండడు. తెర, దీపము, వేదిక ఏవియు లేకుండ ఇంటి ముంగిటకే వచ్చు పగటివేషగాండ్రు – ఉర్దూలో బహురూపియాలు – మన యీ దౌర్బల్యముపైననే తమ కళను నిలిపిరి. వారు మనలను నవ్వించి, ఇచ్చినది పుచ్చుకొని పోవుదురు. జీవితములో జరుగు పొరపాట్లు మాత్రము అంత సులభముగా తీరవు.

వకీలు గౌను, పోలీసు ఉడుపు, వైద్యుని తెల్లకోటు మోసములు కావు. అవి బాధ్యతకు గుర్తులు. గుర్తునే మనిషిగా భావించుట చిక్కు. టోపీని, బురఖాను, బొట్టును, పంచెకట్టును చూచి లోపలి మనిషిని నిర్ణయించువారు అన్ని వర్గములలోను కలరు. "మీకు ఇంత మంచి తెలుగు ఎట్లు వచ్చినది?" అను ప్రశ్న ఈ వ్యాసకర్తకు పలుమార్లు ఎదురైనది. అడిగినవారిలో ఆదరమే గాని ద్వేషము లేదు. వారు విరాటుని వంటి మంచివారు. పిఠాపురమునకు చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగున కావ్యములు, నాటకములు రచించెననియు, నిజాము ప్రధానియైన మహారాజా కిషన్ పర్షాద్ (1864–1940) 'షాద్' అను పేర ఉర్దూ కవిత్వము చెప్పెననియు తెలిసినచో అట్టి ప్రశ్న పుట్టదు.

అద్దెగది దొరకదను భయముతో పేరును కుదించి చెప్పు విద్యార్థి, ఇంటర్వ్యూలో పల్లె యాసను దాచుకొను విద్యార్థి, ఇంట మాటాడు భాషను స్నేహితుల ముందు పలుకుటకు సిగ్గుపడు విద్యార్థి – వీరందరిదియు అజ్ఞాతవాసమే. వారిని నిందించుట తగదు; వారిచేత ఆ వేషము వేయించిన భయమును నిందింపవలెను. పాండవుల అజ్ఞాతవాసమునకు ఒక సంవత్సరమే గడువు. ఏ గడువును లేని అజ్ఞాతవాసము ఎవరికి మాత్రము భరింపశక్యము?

విద్యార్థి మిత్రులారా! రెండు భాషలు ఒకే వసారాలో వినవచ్చు కళాశాల మనది. ఉర్దూ తరగతివారు తెలుగు తరగతివారిని, తెలుగువారు ఉర్దూవారిని దూరమునుండియే అంచనా వేయుట మాని, ఒకరి మాట నొకరు వినుట ఇచటనే ఆరంభింపవచ్చును. సందర్భమును బట్టి దుస్తులు మార్చుకొనుటలో దోషము లేదు. పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరే గాని పారవేయలేదు. ఆ తేడాను మరువక, మీ పేరును, మీ భాషను, మీ నడవడిని మీవిగా నిలుపుకొనుడు. ఎదుటివాడును తనవాటిని నిర్భయముగా బయటికి తీయగల చోటుగా ఈ కళాశాలను నిలుపుడు.